వెక్కిళ్ళు

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు.
క్రెమ్లిన్ దఫ్తరంలో అందరికన్నా చిన్న లేఖకుణ్ణి.
బాతు ఈకలు చెక్కడం, సిరాలో పులిసిన క్వాస్ కలపడం,
పెద్దలు దగ్గితే తలెత్తకపోవడం,
అంతవరకే నా చదువు.

ఆ చలికాలం జార్‌కు పిల్లను వెతికారు.
ఊరూరికీ కొలబద్దలు వెళ్ళాయి.
ఎత్తు కొలిచి, పళ్ళు లెక్కపెట్టి,
తల్లికి ఎన్ని కాన్పులో అడిగి
మంచుబళ్ళ మీద అరవైముగ్గురిని తెచ్చారు.
అరవైమూడు పేర్లూ నా చేతిరాతే.

నలభై ఒకటో పేరు ఫెటీన్యా.
బెలోజెర్స్క్ అవతల పదకొండు గడపల భూస్వామి
ఎవ్సేయ్ కూతురు.
"కుడిచెవి వెనక పుట్టుమచ్చ. చేపలు ఎండబెట్టడం వచ్చు."
రెండో ముక్క ఎవరూ అడగలేదు.
తనే చెప్పింది, రాసుకో అన్నట్టు చూసింది.

జార్ వరస వెంట నడిచి వచ్చి
ఆమె చేతిలో జరీరుమాలు పెట్టాడు, ఉంగరం పెట్టాడు.
మర్నాడు చర్చిలో ఆమెను ఇరీనా అన్నారు.
ఫెటీన్యా అన్న మాటను నేనే కొట్టేశాను,
తడి ఆరేదాకా ఊదుతూ.

చేపల వాసన ఇంకా వదలని ఆమె మేనమామలు
విందుబల్ల దగ్గర
గ్నెవాషెవ్‌ల కన్నా మూడు చోట్లు పైన కూర్చున్నారు.
చోటంటే మా దగ్గర తాతల ఎముకలు.
ఒక్క చోటు దిగమంటే
బల్లకిందికి జారి పడుకుంటారు గానీ దిగరు దొరలు.
గ్నెవాషెవ్ ముసలాయన ఆ రాత్రి ముద్ద ముట్టలేదు.
చాకుమొనతో రొట్టె మీద
గీతలు గీస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదో రోజు, అంతఃపురంలో, జార్ తల్లి ఎదుట
ఆమెకు వెక్కిళ్ళు వచ్చాయి.
మొదటిదానికి నవ్విందట.
పొద్దుగూకేదాకా ఆగలేదు.
"వాళ్ళమ్మ తలుచుకుంటోంది" అంది వెనకున్న దాసి.
పాలుతాగే పిల్లలకైనా తెలిసిన సంగతే కదా,
తలుచుకునేవాళ్ళ పేరు పలికితే
ఠక్కున ఆగుతాయి.

ఎవరూ పలకనివ్వలేదు.
వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన జర్మన్.
ఆయన మాట మా మాటయ్యే దారిలో
గ్నెవాషెవ్ బావమరిది దుబాసీగా నిలబడ్డాడు.
వైద్యుడు చాలాసేపు చెప్పాడు,
చేతులు తిప్పుతూ, ఒకసారి చిరునవ్వుతో కూడా.
దుబాసీ రెండే మాటలు చెప్పాడు:
"లోపలి రోగం. సంతానానికి పనికిరాదు."

నేను రాశాను.
చెవికీ చేతికీ నడుమ ఉత్త గొట్టం లేఖకుడంటే,
అనుకునేవాణ్ణి.
కలం ఒక్క క్షణం ఆగింది, నిజం.
ఆగినట్టు ఎక్కడా రాసి లేదు.

ఎవ్సేయ్ ఇంటిల్లిపాదినీ సైబీరియాకు, పెలిమ్‌కు తోలారు.
తిరిగి జమ చేసుకున్నవాటి పట్టీ కూడా నాదే:
రుమాలు ఒకటి.
ఉంగరం ఒకటి.
పేరు ఒకటి.
బండి ఎక్కేటప్పుడు ఆమెను ఏమని పిలవాలో తెలియక
కాపలావాడు "ఏయ్" అన్నాడు.

మంచు కరిగేసరికి
గ్నెవాషెవ్ మనవరాలికి పేరు మార్చారు.
ఆ పాతపేరునూ కొట్టేశాను.
అప్పటికి చెయ్యి తిరిగింది.

ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు.
పొయ్యి అరుగు మీద పడుకుంటే
రాత్రిళ్ళు వెక్కిళ్ళొస్తాయి.
అగ్రిపీనా గిన్నెతో నీళ్ళు తెచ్చి
"ఎవరు తలుచుకుంటున్నారో చెప్పవయ్యా, ఆగుతాయి" అంటుంది.
చెబుతాను.
పోయిన తమ్ముడి పేరు.
రెండు రూబుళ్ళు బాకీపడ్డ చెప్పులవాడి పేరు.
ఒకసారి ధైర్యం చేసి, ఇరీనా.
ఆగవు.

ఇంకో పేరుంది.
ముసలిదానికి అది తెలియదు.
నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంటుంది,
చేపపొలుసులా.
పలికానే అనుకో,
ఆగిపోతే?

గిన్నె అందుకుంటాను.
నీళ్ళే తాగుతాను.