రెండో బ్రేకు

ఇరవై రెండేళ్లు
నా కుడికాలు నాది కాదు.
బల్లారట్ వీధుల్లో, ఎడమవైపు సీటులో కూర్చుని
ఎవరెవరి భయాల మీదో మోపి ఉంచాను దాన్ని.

స్టర్ట్ స్ట్రీట్ మలుపులో తడబడే డెంగ్,
ట్రామ్ పట్టాలు కనపడగానే ఊపిరి బిగబట్టే ఫువాంగ్,
మొగుడు పోయాక డెబ్బై ఒకటో ఏట
మొదటిసారి స్టీరింగు ముట్టుకున్న మిసెస్ హాలొరన్.
అద్దం చూడండి, ఇంకోసారి చూడండి అంటూనే
కింద ఎవరికీ తెలీకుండా
నొక్కేదాన్ని.
తామే ఆపామనుకునేవాళ్లు.
అనుకోనిచ్చేదాన్ని.
అది దయ అని చాలాకాలం నమ్మాను.

ఇంట్లోనూ అంతే.
పాలు పొంగబోతే,
టీవీలో ఏ పిల్లాడో బంతి వెనక రోడ్డు మీదికి ఉరకబోతే
బల్ల కింద నా పాదం నేలని తొక్కేది.
"అమ్మా, ఇది కారు కాదు" అనేది వర్ణిక.
దాని ఉద్యోగం, దాని అద్దె ఇల్లు, దాని విడాకులు,
దేన్లోనూ నాకు పెడల్ లేదు.
అయినా తొక్కాను.
ఒకసారైతే మరీ గట్టిగా.
ఆ ఏడాదంతా అది నాతో మాట్లాడలేదు.

పాఠాలు చెప్పే లైసెన్సు ఈసారి రెన్యూ చేయించలేదు.
ఎవరూ పొమ్మనలేదు. కళ్లు బాగానే ఉన్నాయి.
మెకానిక్ స్టావ్రోస్‌తో, తీసేయ్ అన్నాను.
ఉంచుకో, అమ్మినప్పుడు ధర పలుకుతుంది అన్నాడు.
తీసేయ్.

జూలై పొద్దు. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు.
సీటు కింద తలకిందులుగా దూరి
అరగంట తన భాషలో తిట్టుకున్నాడు.
తుప్పుపట్టిన బోల్టులు రామన్నాయి.
చివరికి తెచ్చి చేతిలో పెట్టాడు,
అరచేయంత ఇనుప ముక్క.
బొటనవేలు ఆనే చోట రబ్బరు అరిగి నున్నగా ఉంది.
ఇంతేనా?
దీన్ని తొక్కేనా
ఇన్ని ప్రాణాలకి పూచీ పడ్డాను!

ఇంటికి తీసుకెళ్తావా అన్నాడు.
పాత ఇనుము డబ్బా చూపించాను.
పడ్డ చప్పుడు కూడా పెద్దగా రాలేదు.
కారు నేలలో రెండు చిల్లులు మిగిలితే
టేపు అంటించాడు.

ఆదివారం వర్ణిక వచ్చింది.
తాళాలు దాని ముందు పెట్టి, కారు నీదే,
ఎటు పోనిస్తావో అడగను అన్నాను.
నా వైపు అనుమానంగా చూసింది.
సరస్సు చుట్టూ తిప్పింది, కొంచెం జోరుగానే.
నల్లహంసలు ఒడ్డెక్కి రోడ్డు దాటుతున్నాయి.
నా పాదం లేచింది. వెళ్లింది. టేపుని తాకింది.
దాని కింద ఉత్త గాలి, చల్లగా.

తను ఆపింది.
నేనైతే ఆపేచోటుకి రెండు గజాలు ముందుకెళ్లి,
కానీ ఆపింది.
హంసలు తీరిగ్గా దాటాయి,
వాటికి మా ఇద్దరిలో ఎవరితోనూ పనిలేదు.

చెప్పులు విడిచి సీటు మీద
బాసింపట్టు వేసుకున్నాను.
"అలా కూర్చోకూడదు, ప్రమాదం" అంది వర్ణిక,
అచ్చం నా గొంతుతో.

దించాను.
పాదాలకి ఏం పని చెప్పాలో తెలీక
ఊరికే ఉండనిచ్చాను.