హారం

ట్రోమ్సోకి సూర్యుడు జనవరి దాకా సెలవు పెట్టాడు.
మూడో అంతస్తులో, ట్యూబులైటు కింద,
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను కవర్లు కోస్తున్నాను.
దేశం పొడుగునా ఆడవాళ్ళు పంపిన జవాబులు:
నీలం సిరా, పెన్సిలు,
ఒకసారి, ఎందుకో, లిప్‌స్టిక్కు.

మీరు పెద్దమనిషి అయింది ఏ ఏట?
ముట్లుడిగింది ఎప్పుడు?
పిల్లలు పుట్టకుండా మాత్రలు ఎన్నేళ్ళు వాడారు?
సిగరెట్లు రోజుకి ఎన్ని? చేప వారానికి ఎన్నిసార్లు?
కన్నతల్లి కూడా నోరు తెరిచి అడగని మాటలు
స్టాంపు అంటించుకుని వెళ్ళి అడుగుతాయి.
వాళ్ళు చెబుతారు.
వంటింటి బల్ల మీద కాఫీ మరక పడ్డ కాగితంలో
దాపరికం లేకుండా చెబుతారు.

నాకు పేర్లు కనబడవు. అంకెలే.
అయినా నలభై ఒక వెయ్యి రెండు వందల ఏడు
చేతిరాత నేను ఎక్కడైనా పోల్చుకుంటాను.
ఏడుకి నడుం మీద అడ్డగీత పెడుతుంది,
బెల్టు బిగించి పనికి పంపుతున్నట్టు.
గడిలో టిక్కు కొట్టి ఊరుకునే మనిషి కాదు.

చేప ఎన్నిసార్లు అన్నచోట, అంచులో:
"రోజుకి రెండు వేలు. తినడం కాదు, కోయడం."
రెండో బిడ్డకి పాలు ఎన్ని నెలలు అన్నచోట:
"నెలలు కాదు, పదకొండు రోజులు.
ఆ తర్వాత కూడా పాలు ఉన్నాయి."

గడిలో రెండంకెల చోటు, నెలలకి మాత్రమే.
నేను సున్నా వేశాను.
అది ఇవాళ్టికీ అక్కడే ఉంది
నోరు తెరుచుకుని.

మా లెక్కల మనిషి రాన్‌వైగ్ అంటుంది:
ఒక్కదాని కథతో ఏదీ తేలదు.
మా పెత్తల్లి ఎనభై ఏడేళ్ళు పొగ ఊదుతూ బతికింది,
క్యారెట్లు కొరికే మా అక్క నలభైలో పోయింది.
తలరాత అని చేతులు దులుపుకోవడం తేలిక.
కారణం దొరకాలంటే లక్షమంది కావాలి,
ఇరవై ఏళ్ళు కావాలి, ఓపిక కావాలి.
బోర్డు మీద గీత గీసి చూపిస్తుంది.
పైన లవం, జబ్బు చేసినవాళ్ళు.
కింద హారం, అందరూ.

ఏటా ఒక రాత్రి
క్యాన్సర్ రిజిస్టరుతో మా అంకెల్ని కలుపుతారు.
పొద్దున ఏడింటికి (తెల్లవారింది అనడానికి లేదు)
కొందరు కింద నుంచి పైకి వెళ్ళి ఉంటారు.
పైకి వెళ్ళడమంటే ఇక్కడ చావు కాదు.
అందరి విషయంలోనూ కాదు.

పోయిన ఏడు ఆమె కవరు ఆలస్యంగా వచ్చింది.
ఏడు మీది గీత వణికింది.
"ఎడమ రొమ్ము తీసేశారు. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.
మా లైన్లో పదహారుమందిమి, నలుగురికి వచ్చింది.
దాని అర్థం ఏమిటో నాకు తెలియదు, మీరు చెప్పాలి.
నైట్ షిఫ్టు గురించి మీరు ఒక్క గడే పెట్టారు.
అది చాలదు.
ఏ వయసులో మొదలైందో అడగండి.
చేతులు ఎంతసేపు మంచులో ఉన్నాయో అడగండి."

అంచుల్ని స్కానరు చదవదు.
కాగితం పట్టుకుని నేను మేడ దిగాను,
నియమం కాదని తెలిసే.
రాన్‌వైగ్ రెండుసార్లు చదివింది,
కళ్ళజోడు తీసి తుడిచింది,
ఏమీ అనలేదు.

ఈసారి ప్రశ్నావళిలో తొమ్మిదో పేజీ కొత్తది.
నైట్ షిఫ్టుకి ఆరు గడులు, చలికి మూడు.
అడిగింది ఎవరో ఎక్కడా రాయలేదు.
జవాబు ఇంకా రాలేదు.
ఏమీ లేదనే తేలవచ్చు కూడా.
అదీ జవాబే, అంటుంది రాన్‌వైగ్.

ఎవరి మెడలోనూ పడని హారంలో
నేనూ ఒక పూసని, పద్ధెనిమిదేళ్ళుగా.
నా కవరు ఈ కట్టలోనే ఎక్కడో ఉంది.
వేరేవాళ్ళు విప్పుతారు.
రాత్రి దాన్ని నింపుతూ
నాకు ఎన్నడూ అలవాటు లేని పని ఒకటి చేశాను.
ఏడు వచ్చిన ప్రతిచోటా
దాని నడుముకి గీత పెట్టాను.