నాలుగు వేళ్ల జాగా

మఠాధిపతి లెక్కలో
ఏడాదికి నాలుగు వేళ్ల జాగా.
ఎడమ అంచున ఎర్రసిరాతో సంవత్సరం,
పన్నెండు వందల యాభై ఎనిమిది.
దాని పక్కన వంగి కూర్చుని నేను,
హామో అనే రాతగాణ్ణి,
నీరు కారే కుడి కన్నుతో.

ఈ ఏడు తోలుకి కొదవ లేదు.
గడ్డి మొలవక గొర్రెలు నిలుచున్నచోటే ఒరిగిపోయాయి.
మాంసం కుక్కలు కూడా ముట్టలేదు.
తోళ్లు మాత్రం మోపులు మోపులుగా
సున్నపు తొట్టికి చేరాయి.
తిండి లేని ఏడాదిలోనే
రాసుకోవడానికి ఇంత తెల్లదనం.

ముందు బిషప్పు చావు రాయమన్నారు, రాశాను.
ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభువులంతా కూడి
రాజు చేత ఒట్టు పెట్టించుకున్నారట, అదీ రాశాను.
రెండు వేళ్లు అయిపోయాయి.

మిరియాల వర్తకుడొకడు ఒక రాత్రి మా దగ్గర తలదాచుకున్నాడు.
బాగ్దాదు పడిపోయిందట.
పుస్తకాలన్నీ తెచ్చి ఏట్లో పోస్తే
నీళ్లు సిరాగా పారాయట.
మిరియాల ధర ఏమవుతుందో అని
వాడు తెల్లవార్లూ నిద్రపోలేదు.
నేనూ నిద్రపోలేదు.
గడ్డకట్టిన సిరాకొమ్ము చంకలో పెట్టుకుని
కరిగిస్తూ ఆ నల్లటి ఏరునే తలుచుకున్నాను.
ఎన్ని రాత్రుల దీపపు మసి అందులో,
ఎంతమంది చూపు.
వాళ్లు మన దేవుడివాళ్లు కారు, వాళ్లకోసం ప్రార్థించకూడదు.
వాళ్ల వేళ్లకోసం ప్రార్థించాను.

మే నెలలో గ్రహణం పట్టింది.
చంద్రుడు ఎప్పట్లా రాగిరంగు తిరగలేదు,
అసలు లేడు.
జూన్‌లో పాడుతుంటే నోట్లోంచి ఆవిరి.
సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడొచ్చు,
తోమని తగరపు పళ్లెం.
ఎందుకిలా అంటే ఎవరి జవాబు వాళ్లది.
పన్నులని రైతులు, పాపాలని పాదరీలు.
ఆస్బర్ట్ సోదరుడైతే
ఉపవాసాల్లో తాను దాచుకు తిన్న జున్నుముక్క వల్లేనని
వీపు చిట్లేదాకా కొట్టుకున్నాడు.
పాపం, చిన్న ముక్కే.
ఏ సముద్రాల అవతల ఏం మండిందో
మాకెవరు చెబుతారు?

లండన్ రేవుకి జర్మనీ గింజల ఓడలొచ్చాయని
ఎవరో చెబితే జనం బయల్దేరారు.
తోళ్లు గీకే గున్నోరా కూడా
ఆరేళ్ల ఆవిస్‌ని భుజాన వేసుకుని వెళ్లింది.

మంగళవారం తిరిగొచ్చింది ఒక్కతే.
చట్రానికి తోలు బిగించి
వంపుకత్తి అందుకుంది.
చాలాసేపు గీకాక అంది:
"దీనికో చిల్లుంది.
గొర్రె బతికుండగా ఏ పురుగో కుట్టి ఉంటుంది.
సాగదీస్తే పెద్దదవుతుంది. కుట్టమంటారా?"
వద్దన్నాను. ఎందుకన్నానో తెలీదు.

గీతలు గీశాక చూస్తే
ఆ చిల్లు సరిగ్గా ఈ ఏడాది వరసలోనే పడింది,
మూడో వేలి దగ్గర.
దానికి అటూ ఇటూ జరిగి రాసుకుంటూ పోయాను.
చిల్లులోంచి కింది పేజీ కనబడుతోంది,
వచ్చే ఏడాది, ఇంకా ఏమీ లేదు.

తోలు ఇవ్వడానికి వచ్చిన గున్నోరా
సున్నం తిన్న వేలు ఆ చిల్లు మీద పెట్టి,
"గుండ్రంగా ఉంది, ఇదేం అక్షరమయ్యా?" అంది.

అక్షరం కాదని చెప్పాల్సింది.
"ఓ," అన్నాను.
"లాటిన్‌లో ఎవరినైనా పిలిచేముందు
ఇది పెడతారు."

ఆమె తలుపు వైపు చూసింది.
తర్వాత వంగి, పెదవులు చిల్లుకి ఆనించి,
పొద్దుగూకాక బాతుల వెంట పోయిన పిల్లని
ఇంట్లోకి పిలిచినట్టు
ఒక్కసారి పిలిచింది, మెల్లగా.

తోలు కాస్త తడిసింది.
ఆరేదాకా ఆగి
గోధుమ ధర రాశాను.