నాలుగు కాళ్ళ చంద్రుడు

పున్నమి వెళ్ళిన మూడోనాడు
పొద్దున పది గంటలకి
సముద్రం తన చాప తనే చుట్టుకుని
కిలోమీటరు వెనక్కి జరుగుతుంది.

ఆకాశంలో చంద్రుడు లేడు.
పని మాత్రం జరుగుతోంది,
ఆసామి ఊళ్ళో లేకపోయినా
కూలీలు దిగిన చేనులా.

తులియారాకి ఉత్తరాన, ఇసుక దారిలో, లారీ మీద ఒకటిన్నర రోజు.
నేను కాటా మనిషిని.
ఐసు పెట్టెలు, రసీదు పుస్తకం, కొక్కెం వేలాడే ముల్లు కాటా,
ఇంతే నా సంసారం.
ఇక్కడి ఆడవాళ్ళు మొహాలకి పచ్చటి చెక్క గంధం మెత్తుకుని
ఇనుప ఊచలు పట్టుకుని
నీళ్ళలోంచి తేలిన పగడపు దిబ్బ మీదికి నడుస్తారు,
ఆక్టోపస్‌ల కోసం.

సువజారా ముందు.
వెనక మనవరాలు త్సియావి, ఎనిమిదేళ్ళది,
ముసలమ్మ అడుగు తీసిన చోటే అడుగు వేస్తూ.
పక్కకి తొక్కితే పగడం విరుగుతుంది.
అదీగాక రాతిచేప ముల్లు.

సూర్యుణ్ణి వీళ్ళు పగటి కన్నంటారు.
వెన్నెలని, చంద్రుడి అడుగంటారు.
చంద్రుడికీ నెలకీ ఒకటే మాట.
మాకూ అంతే, అన్నాను,
నెలంటే నెలే, పైన తిరిగేదీ, జీతమిచ్చేదీ.
సువజారా నవ్వింది, పళ్ళు లేని చోట గాలాడింది:
"మా వైపు మాట్లాడ్డం కూడా అందులోంచే పుడుతుంది."
అంటే, చంద్రించడం.
ఆమె రోజుకి నాలుగు మాటలకి మించి చంద్రించదు.

పిల్లకి మొన్న చెప్పాను
మావాళ్ళకి చంద్రుడిలో కుందేలు కనిపిస్తుందని.
"కరుస్తుందా?"
కరవదు.
"ఎన్ని చేతులు?"
నాలుగు కాళ్ళు.
చాలాసేపు వేళ్ళు మడిచింది, తెరిచింది.
"నాలుగే అయితే సముద్రాన్ని ఎట్లా లాగుతుంది?
అది మీ ఊరి చంద్రుడు. మాదానికి ఎనిమిది."

సగం చంద్రుడి వారం కూడా చూశాను నేను.
నీళ్ళు రావు, పోవు,
అప్పడగడానికొచ్చిన చుట్టంలా గుమ్మంలోనే నిలబడతాయి.
కుండల్లో కర్రపెండలం ఉడుకుతుంది.
మర్నాడూ అదే ఉడుకుతుంది.
ఆ సగం ముక్కని చూసి పద్యం కట్టేవాడు
ఈ ఒడ్డున బతకడు.

ఇవాళ నేనూ వెంట వెళ్ళాను, తెగిన చెప్పులతో.
ఒక బొరియ దగ్గర సువజారా వంగి
ఊచ లోపలికి పోనిచ్చి
ఆగింది.
లోపల కప్పుకి గుత్తులుగుత్తులుగా తెల్లటి గింజలు.
వాటి మీదికి నీళ్ళు ఊదుతూ తల్లి.
రెండు కిలోల పైమాటే.
కంటితో తూచడం నా జబ్బు.
"ఇది ఇంక తినదు," అంది ముసలమ్మ,
"పిల్లలు కదిలేదాకా ఊదుతుంది. ఆ తరవాత ఉండదు."
నెలలు నిండిన ఇల్లు, అనుకున్నాను నా భాషలో.
పైకి అనలేదు. ఏ మాటలో అనాలి?
ఆమె ఒక చచ్చిన పగడపు రాయి తెచ్చి
తలుపు దగ్గరికి వేసినట్టు, పూర్తిగా మూయకుండా, పెట్టింది.
అప్పటికే చీలమండల చుట్టూ పోటు.

సాయంత్రం రసీదులో ఆమె పేరెదుట
తొమ్మిది వందల గ్రాములు.

ఎనిమిదిన్నర దాటాక, ఆలస్యంగా,
ఒక పక్క కాస్త నలిగి,
చంద్రుడొచ్చాడు.
త్సియావి నా కాటా తీసి రెండు చేతులా పైకెత్తి
ఒక కన్ను మూసి
చంద్రుడు కొక్కేనికి తగిలేదాకా
కుడికీ ఎడమకీ జరిగింది.
"ఎంత?"
ముల్లు సున్నా మీదే ఉంది.

రసీదు రాసిచ్చాను.