తరుగు

కర్నూలు పెద్దాసుపత్రి, న్యూరోసర్జరీ వార్డు.
రేపు పొద్దున దస్తగిరమ్మ తల తెరిచి
గడ్డ తీస్తారు.
కాగితం మీద థర్మామీటరు బొమ్మ చూపించాను,
అడుగున సున్నా, కొసన పది.
"ఈ వారమంతా మనసెంత కష్టపడింది?
ఒక అంకె చెప్పు."

"జరం లేదు కదమ్మా నాకు" అంది ముందు.
తర్వాత, ఫ్లాస్కు పట్టుకుని
తలుపు దగ్గరే నిలబడ్డ కొడుకును చూసి
"రెండు" అంది.

రెండు రాశాను.
నాలుగుకు తక్కువైతే
మనసు డాక్టరుకు కబురు పెట్టక్కర్లేదు.
ఇంకా పద్నాలుగు మంచాలున్నాయి నాకు.

కొడుకు టీకి కిందికి దిగాడు.
అప్పుడడిగింది:
"తరుగు తీసి చెప్పల్లా, తీయకుండానా?"

ఉల్లిగడ్డల మార్కెట్టులో
ఇరవై రెండేళ్లు గ్రేడింగు చేసిన మనిషి.
గోతానికింత, మట్టికింత, తడికింత,
కాటా మీదే మాయమయ్యే బరువు
ఆమెకు తెలిసినంత నాకేం తెలుసు?

"తీయకుండానే చెప్పు."

గొరిగిన తల మీద కొంగు సర్దుకుంది.
"నిద్ర ల్యాక తొమ్మిది దినాలు.
రేపు లేసినాక వాని పేరు
గుర్తుంటాదో లేదోనని
రాత్రంతా వాని పేరే అనుకుంటాండా.
గట్టిగా అంటే లేస్తాడని
నోట్లోనే."

ఇద్దరం కాసేపు ఆ బొమ్మనే చూశాం.
"ఎంత రాయమంటావు?"
"నువ్వే తూకమెయ్.
కాటా నీది కదా."

రెండు కొట్టేశాను.
పక్కన రాసిన అంకె మీద వేలు పెట్టి
చాలాసేపు తీయలేదు.

"ఇంత ఉండాదా" అంది,
ఎవరిదో మూట చూసినట్టు.