నీడ లేయరు

నా కంప్యూటర్లో చెట్లున్నాయి.
ఆకుపచ్చ గుండ్రాలు, ఒక్క నొక్కుకి నలభై.
బెంచీలున్నాయి, చెత్తడబ్బాలున్నాయి,
ఎవరో ఎప్పుడో గీసిపెట్టిన మనుషులున్నారు,
ఏ ఊరి పటంలో నిలబెట్టినా అదే గొడుగు, అదే కుక్కపిల్ల.
తోపుడు బండి మాత్రం లేదు.
వెతగ్గా వెతగ్గా "అడ్డంకులు" అనే లేయర్లో దొరికింది,
ట్రాన్స్‌ఫార్మరుకీ విరిగిన మ్యాన్‌హోలు మూతకీ నడుమ
ఎర్ర చుక్కల్లో.

అత్తాపూర్, పిల్లర్ నంబర్ నూట పద్దెనిమిది.
టేపు ఒక కొస నేను, ఇంకో కొస ఫయీముద్దీన్.
ఫుట్‌పాత్ వెడల్పు తొమ్మిదడుగుల రెండంగుళాలు.
తాళంచెవులు చేసే ఈదయ్య పెట్టె రెండడుగులు,
దస్తీలమ్మే ఖాజాబీ చాప నాలుగు,
కంకులు కాల్చే సంగవ్వ బండి ఆరుకి మూడున్నర.
పొగ ఎంతో టేపుకి అందలేదు.
"కొలుసుకో బిడ్డా. కొలిసెటోళ్లు మస్తుమంది వొచ్చిన్రు.
కొలిసినంక లారీ వొచ్చింది"
అన్నది సంగవ్వ, విసనకర్ర ఆపకుండానే.
ఆ మాటకి బదులు ఏ మాన్యువల్లోనూ లేదు.
నిమ్మచెక్క ఉప్పులో అద్ది, కంకికి రుద్ది ఇచ్చింది.
పైసలు లెక్కబెట్టి తీసుకుంది.

మూడు నెలలకి పటం పాసయింది.
నడిచేవాళ్లకి అయిదడుగులు, బండ్లకి నాలుగు.
మిగిలిన రెండంగుళాలు ఎవరివో రాయలేదు.
తెల్లరంగు గళ్లు, గడికో నంబరు.
సంగవ్వది పదకొండు.
రంగు ఆరిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు మూడింటికి పోయి చూస్తే
పదకొండు ఖాళీ.
గడి నిండా ఎండ బాసింపట్టు వేసుక్కూచుంది.
సంగవ్వ రోడ్డుకి అవతల, దవాఖాన గోడవార,
ఏ నంబరూ లేని చోట ఉంది.
హోంగార్డు ఫోనెత్తి ఆమె బండిని ఫొటో తీస్తున్నాడు.

"ఏందవ్వా, నీ జాగా ఆడ గదా?"
మాట్లాడకుండా గడ్డం పైకెత్తి ఫ్లైఓవర్ని చూపింది.
"పొద్దుగాల దీని నీడ బ్యాంకు దిక్కు పడతది.
పగటీలి దాటితే దవాఖాన దిక్కు.
ఈ బిర్జి ఏసిన కాడికెల్లి నీడెంబడి జరుగుతున్న.
మంచిగనే గీసినవు బిడ్డా,
గని నీ గీత జరగది గదా."

ప్రతి పటం మూలా ఉత్తరం బాణం వేస్తాను నేను.
ఎండ ఎటుంటుందని ఒక్కనాడూ దాన్ని అడగలేదు.

ఆఫీసుకొచ్చి కొత్త లేయరు తెరిచాను.
పొద్దున తొమ్మిదిది, పదకొండుది, ఒంటిగంటది, నాలుగుది:
నీడని గంటగంటకీ గీశాను.
చివరికది బ్యాంకు నుంచి దవాఖానకి రోడ్డు దాటే
సన్నని చుక్కల గీత అయింది.
దాటాలంటే డివైడర్లో బండి పట్టేంత సందు కావాలి,
ఓ ముసలామె అటు చేరేంత సేపు ఎర్రదీపం కావాలి,
ఆ గట్టున కూడా ఒక పదకొండు కావాలి.

ప్రభంజన్ సార్ వంగి చూశారు.
"ఏంటమ్మా ఇది, డ్రైనేజీనా?"
"నీడ సార్."
కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.
"ఎస్టిమేట్లో ఏ పద్దు కింద రాస్తావు?"

ఆ గడి ఇంకా నింపలేదు.
బయట పన్నెండున్నర.
ఈపాటికి సంగవ్వ రోడ్డు మధ్యలో ఉంటుంది,
రెండు బస్సుల నడుమ,
బొగ్గులు ఒలకకుండా.