గాలి వాటా

పాలకొండ రోడ్డులో బస్సు దిగగానే
వాసన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.
మాడిన పాకం, తడిసిన గోనె,
ఎవరో మూత పెట్టడం మరిచిన పచ్చడి జాడీ.

"అలవాటయ్యేలోగా చూడ్డం అయిపోద్ది, రండి"
అన్నాడు మహంతి, ఇక్కడి కెమిస్టు,
నిరుడు రైల్లో పరిచయం.
నా మెడలో సందర్శకుడి అట్ట వేలాడదీశాడు.

ముందు తోట.
కార్శి తోట, రెండో కోత.
జడలు చుట్టిన గడలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి
రాత్రి బస్సులో చుట్టాల్లా నిద్రపోతున్నాయి.
ఒక గడ విరిచి చీల్చాడు: లోపల ఎర్రటి చార.
"ఎర్రకుళ్లండి" అని గట్టు మీదికి విసిరేశాడు.
నేను తీసి వాసన చూశాను.
ఫ్యాక్టరీ దాకా ఆగలేదు అది,
అప్పటికే కొంచెం సారా.

తర్వాత కాటా.
ముప్పై ఒక్కేళ్లు తూనికల శాఖలో చేసినవాణ్ణి,
పెళ్లికెళ్లినా ముందు వంటవాడి త్రాసు చూస్తాను.
ఇక్కడి లెక్క నిక్కచ్చి. సీసపు ముద్ర మా శాఖదే.

ట్రాక్టరు వెనక ట్రాక్టరు, వాటి వెనక
బండి కింద గోనె పరుచుకుని గొర్లె అసిరినాయుడు.
మూడో రాత్రట.
"గడ ఎండిపోతంది బాబూ.
కోసినప్పుడున్న బరువు గేటు కాడికి ఒచ్చీసరికి ఉండదు.
గాలి తాగెస్తది.
మరది ఎవుడి కాతాల రాస్తారో మీరే సెప్పాల."
నేను కాటా బాగుందన్నాను.
"కాటా బాగానే ఉంటది" అన్నాడు, బీడీ వెతుక్కుంటూ.

లోపల మాట వినబడనంత చప్పుడు.
గడ ఒక పక్కనుంచి వెళ్లి
మరో పక్క పిప్పిగా వచ్చేస్తుంది, ఏమీ జ్ఞాపకం లేనట్టు.
తెల్లదనమంతా పంచదార పట్టుకుపోయాక
మిగిలిన నల్లటి మడ్డి
తొట్లలో పడి రెండు రోజులు తనలో తనే గొణుక్కుంటుంది.
చెవి ఆనించి విన్నాను:
రేకుల కప్పు మీద మొదటి చినుకులు.
ఆపైన రాగి గొట్టాలెక్కి, చల్లబడి,
నీళ్లలా అమాయకంగా దిగుతుంది.

మహంతి అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని
రుద్ది, మూసి, వాసన చూశాడు.
ఇరవై రెండేళ్లుగా ఇదే పని, ఒక్క గుక్క మింగలేదట.
"మా నాన్న మా ఇద్దరి వాటా తాగేశాడు లెండి."

గోదాములో చీకటి. పీపాలు. చెక్క చెమట.
"ఏడాదికి పీపాకి ఇంతని ఆవిరైపోద్ది సార్.
గాలి వాటా అంటాం.
ఎక్సైజు వాళ్లు రిజిస్టర్లో దానికో గడి ఇచ్చారు."
చూపించాడు.
నిజంగానే గడి ఉంది. ఎర్ర గీతలు, గుండ్రటి అంకెలు,
అడుగున తరుగు మంజూరైనట్టు ముద్ర.

బయట గోడలన్నీ నలుపు.
మసి కాదట, ఆ ఆవిరి తాగి బతికే బూజు.
గోడవతల వాకిలి ఊడుస్తున్న పైడమ్మ నడుం ఎత్తి
"మా ఇంటి పెంకులూ తాగెస్తన్నాయి బాబూ,
ఎన్నిసార్లు సున్నమెట్టినా మళ్లీ నలుపే.
మా ఆయన మానీసినాడు గానీ
ఇల్లు మానలేదు" అంది.

తిరిగొస్తూ కాటా దగ్గర ఆగాను.
అసిరినాయుడి బండి రెండు బళ్ల మేర జరిగింది.
నా దగ్గర చెప్పాల్సిన మాటొకటి ఉంది,
ఆ గడి గురించి, ఎర్ర గీతల గురించి.
అతను నిద్రపోతున్నాడు.
ఎద్దొకటి మెడ వెనక్కి తిప్పి
తన బండిలోంచే వేలాడే మొవ్వు లాక్కుని నములుతోంది.
ఎంత తిన్నదో అంచనా కట్టబోయి
మానుకున్నాను.

పార్వతీపురం బస్సులో చిల్లర తీస్తుంటే తెలిసింది,
మెడలో ఇంకా ఆ అట్ట ఉంది.
దాని అంచు వెంట చీమలు,
వరసగా, తోపులాట లేకుండా,
ఎవరి టోకెను వాళ్లకి అందినట్టు.